స్త్రీవిద్య – ప్రజారోగ్యము

ప్రజారోగ్యమనగానే మనకు మొదట స్ఫురించునది ఆసుపత్రి. గ్రామమునకొక వైద్యుడు, మండలమునకొక వైద్యశాల, జిల్లాకొక వైద్యకళాశాల యున్నచో రోగములు తమంతట తామే తొలగిపోవునని మన విశ్వాసము. ఎన్నికలలో ఓట్లడుగువారును ఇదియే చెప్పుదురు; ఓట్లు వేయువారును ఇదియే కోరుదురు. ఆసుపత్రులు వలదని మే మనము. కాని ఆ ఆసుపత్రి వాకిటివఱకు బిడ్డను మోసికొనివచ్చు తల్లి చదువునుగూర్చి మనవారు తలంచుట అరుదు. ఆమె యెప్పుడు బయలుదేరినది, ఎవరి యనుమతికై యెంతసేపు కాచుకొన్నది, వచ్చుటకు ముందు ఇంటిలో బిడ్డకేమి పెట్టినది, ఏమి మాన్పించినది - ఇవి యేవియు వైద్యుని చీటీలో కెక్కవు. బిడ్డ బ్రతుకు మాత్రము చాలవఱకు వీనిమీదనే యాధారపడియున్నది.

ఇది మా యూహ కాదు, లెక్కలే చెప్పుచున్నవి. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున నూటికి 96కి పైగా ప్రసవములు ఆసుపత్రులలోనే జరిగినవి. తెలంగాణమున నూటికి 97. కేరళమున దాదాపు అన్నియును. పురుడు పోయు చోటి విషయమున మనకును కేరళమునకును గణింపదగిన భేదము లేదన్నమాట. మఱి పుట్టిన బిడ్డల సంగతి యేమి? వేయిమంది శిశువులు పుట్టినచో ఏడాది నిండకుండ మరణించినవారు కేరళమున నలుగురైదుగురు. తెలంగాణమున 26 మంది. ఆంధ్రప్రదేశమున 30 మంది.

కేరళపు ఆసుపత్రులలో పసికందులకు జరుగు సంరక్షణ మనదానికంటె మేలైనదని కొందఱందురు. నిజమే, దానిని కాదనము. కాని తొలివారమున చనిపోవు శిశువులలో పెక్కండ్రు నెలలు నిండకయో, తగిన బరువు లేకయో పుట్టినవారు. ఆ బరువు నిర్ణయమగునది ప్రసవపు గదిలో గాదు. తల్లి వయస్సెంత, ఆమె యొంటిలో రక్తమెంత, చూలాలుగా నున్నప్పుడు ఆమె తిన్నదేమి యనువానిమీద నది యాధారపడును. అదే సర్వేలోని మఱికొన్ని లెక్కలను చూడుడు. పదేండ్లో, అంతకు మించియో బడిలో చదివిన స్త్రీలు కేరళమున నూటికి 77, తెలంగాణమున 45, ఆంధ్రప్రదేశమున 40కి లోపు. ఇరువదినుండి ఇరువదినాలుగేండ్లలోపు స్త్రీలలో, 18 ఏండ్లు నిండకముందే పెండ్లియైనవారు కేరళమున నూటికి 6, తెలంగాణమున 23కు పైగా, ఆంధ్రప్రదేశమున 29. రక్తహీనత గలవారు కేరళస్త్రీలలో నూటికి 36. మన రెండు రాష్ట్రములలోను 57కు మించి. వీనిని శిశుమరణముల లెక్కప్రక్క నుంచి చూచినవారికి మా వ్యాఖ్యానము అక్కఱలేదు.

కేరళము మనకంటె ధాన్యసమృద్ధి గల దేశము కాదు. అచ్చటివారు తిను బియ్యములో పెద్దభాగము బయటినుండి పోవునదే. అందులో మన గోదావరీ మండలపు బియ్యమును కలదు. మన పొలమున పండిన బియ్యము తిని వారు తమ బిడ్డలను బ్రతికించుకొనుచుండగా, పండించిన మనము పోగొట్టుకొనుచున్నాము. ఈ వైపరీత్యమునకు కారణము నేల కాదు, నీరు కాదు.

తిరువాన్కూరు రాణి గౌరీ పార్వతీబాయి ప్రజల విద్యావ్యయమును సంస్థానమే భరింపవలెనని 1817లో శాసనము వెలువరించినది. 1879లో ఉద్యోగులును, ఖైదీలును, విద్యార్థులును మశూచి టీకా వేయించుకొనుట విధిగా ప్రకటింపబడినది. విద్యార్థులకు టీకా విధియగుట చిన్నమాట కాదు. బడిపిల్లలున్న ప్రతి ఇంటికిని ఆ చర్చ చేరియుండును. పిమ్మట వచ్చినది ప్రజల పోరాటము. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున అయ్యంకాళి నాయకత్వమున పులయ కూలీలు తమ బిడ్డలను బడిలో చేర్చుకొనువఱకు పొలములో దిగమని పనులు మానిరి. కూలి పెంచుమని కాదు, బడి తెఱవుమని సమ్మె! నారాయణగురువు తనవారికి చదువే బలమని బోధించెను. 1938లో మేరీ పున్నెన్ లూకోస్ అను మహిళ తిరువాన్కూరు సంస్థానమున సర్జన్ జనరల్ పదవి నలంకరించినది. 1991 జనాభా లెక్కలనాటికి కేరళస్త్రీలలో నూటికి 86 మంది అక్షరాస్యులు. ఆనాటి ఆంధ్రప్రదేశమున 33 మందియే. ఆ 33 మందిలో లేని మిగిలినవారే గదా నేటి మన యువతీయువకుల తల్లులు, అమ్మమ్మలు!

మనకు బోధకులు లేకపోయిరా? కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లోనే ధవళేశ్వరమున బాలికా పాఠశాల స్థాపించిరి. స్త్రీలకై పత్రిక నడపిరి. దేహారోగ్య విషయమై తెలుగున గ్రంథము వ్రాసిరి. విద్యయు ఆరోగ్యమును ఒకే దీపముయొక్క రెండు వత్తులని ఆయనకు తెలియును. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1906లో నెలకొల్పిన విజ్ఞానచంద్రికామండలి శాస్త్రవిషయములను తెలుగుచేసినది. ఆచంట లక్ష్మీపతిగారు అంటువ్యాధులనుగూర్చి సామాన్యునికి బోధపడునట్లు వ్రాసిరి. దుర్గాబాయిగారు 1937లో స్థాపించిన ఆంధ్రమహిళాసభ చదువును, వైద్యమును రెండింటిని చేపట్టినది. ఇందఱుండియు ఫలమేల తక్కువైనది? పుస్తకములు అచ్చైనవి, చదువవలసిన తల్లికి మాత్రము అక్షరము రాలేదు. సర్కారు జిల్లాలలో బడి పట్టణములను, అగ్రహారములను దాటి కూలివాడల వఱకు పోవుటకు చాలకాలము పట్టినది. నైజాము ప్రభుత్వమున తెలంగాణపు తెలుగు బాలునికే తల్లిభాషలో చదువు దుర్లభమై యుండెను. బాలిక మాట చెప్పనేల?

ఇక చదువు ఆరోగ్యముగా నెట్లు మాఱునో విచారింతము. ఆరోగ్యపాఠము చదివి తల్లి చేతులు కడుగుకొన నేర్చునని సాధారణముగా చెప్పుదురు. అదియు కొంత నిజమే. కాని పాఠములోని సంగతికంటె, పాఠము చదివినదాననను ధైర్యమే యెక్కువ పనిచేయుచున్నది. 1979లో కాల్డ్వెల్ అను ఆస్ట్రేలియా పండితుడు నైజీరియా దేశపు లెక్కలను శోధించి, తండ్రి యుద్యోగము కంటెను, ఇంటి సంపత్తి కంటెను తల్లి చదువే బిడ్డల ప్రాణములను ఎక్కువ కాపాడుచున్నదని తేల్చెను. దానికాయన చెప్పిన కారణము గమనింపదగినది. చదివిన తల్లి బిడ్డకు జ్వరము వచ్చినపుడు అత్తగారి తీర్పుకై, పొరుగూరు పోయిన భర్త రాకకై కాచుకొనదు. తానే నిర్ణయించుకొని తానే బయలుదేరును. వైద్యుని యెదుట నిలిచి ఇది యేమి మందు, ఎన్నిసారులని అడుగును. తగ్గనిచో మరల వచ్చి తగ్గలేదని చెప్పును. చదువురాని తల్లి తగ్గకపోయినచో, దోషము తనదే యనుకొని ఇంటనే యుండిపోవును. 2010లో 175 దేశముల లెక్కలను కూర్చి ప్రకటించిన పరిశోధన యొకటి, 1970 మొదలు 2009 వఱకు అయిదేండ్లలోపు పిల్లల మరణములలో తగ్గిన 82 లక్షలలో 42 లక్షలు స్త్రీల చదువు పెరుగుటవలననే తగ్గినవని అంచనా కట్టినది. సగమునకు మించి! ఏ మందు ఇంతపని చేసినది?

మన యిండ్లలోని సంగతులనే తలంచుకొందము. పుట్టిన బిడ్డకు ముర్రుపాలు పట్టరాదని పిండి పారబోయించిన పెద్దమ్మలు మనకు కొత్తవారు కారు. బాలింతకు నీరు తగ్గించి, కూరలు మాన్పించి, కారపు మెతుకులతో నెలగడపిన పథ్యములను మనమెఱుగుదుము. తట్టు పోసినచో అమ్మవారనిరి. బిడ్డ చిక్కిపోయినచో దిష్టి యనిరి. ఈ పెద్దమ్మలు దుష్టులు కారు. తమ తల్లులు చెప్పిన దానిని ప్రేమతో పాటించినవారే. వారి యెదుట 'కాదు' అనగల శక్తి కోడలికి ఉండవలెనుగదా! ఆ శక్తి వయస్సువలన రాదు. పదునాఱేండ్ల కోడలికి అసలు రాదు. పదవతరగతియో, ఇంటరో చదివి, ఇరువదియేండ్లు దాటి కాపురమునకు వచ్చిన పిల్ల ముర్రుపాలు పారబోయనీయదు. అత్తగారును కొంచెము గొణిగి ఊరకుండును.

నీళ్ళవిరేచనముల సంగతి మఱింత బోధకమైనది. విరేచనములగుచున్న బిడ్డకు నీరు త్రాగించినచో ఇంకను ఎక్కువగునని నీరు మాన్పించుట మన దేశమునందంతటను ఉన్న ఆచారము. చంపునది ఆ వ్యాధికంటె ఈ దప్పికయే. 1971లో బంగ్లాదేశ శరణార్థులు వంగదేశపు సరిహద్దున బంగావ్ శిబిరమున కలరాతో రాలిపోవుచుండగా, రక్తనాళములలోని కెక్కించు సెలైను చాలక, దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని నోటిద్వారా త్రాగింపజొచ్చెను. అచ్చట నూటికి 30 వఱకు నున్న మరణములు నాలుగింటికి లోపడినవి. పట్టీలు కట్టువారు నర్సులు కారు. రోగుల తల్లులు, అక్కచెల్లెండ్రే గిన్నెలతో త్రాగించిరి. అటుపిమ్మట 1980 మొదలు 1990 వఱకు బంగ్లాదేశమున బ్రాక్ అను సంస్థవారు ఇంటింటికి మహిళలను పంపి, మూడువ్రేళ్ళ చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము, అర్ధసేరు నీరు కలుపుటను కోటికి పైగా కుటుంబములలో తల్లులచేతనే కలిపించి నేర్పిరి. కొన్నాళ్ళకు కొందఱు తల్లులను పరీక్షించి, వారికెంత జ్ఞాపకమున్నదో చూచి, నేర్పినయామెకు ఆ మేరకే జీతమిచ్చిరి. (ఈ నియమమును మన శాసనసభ్యులకు కూడ వర్తింపజేసిన బాగుండునని మాకు తోచుచున్నది.)

ఆ తల్లులలో చాలమంది నిరక్షరాస్యులే. అక్షరము లేకుండనే ఆరోగ్యవిద్య నేర్పవచ్చుననుటకు ఇది దృష్టాంతము కాదా యని ఒకరడుగవచ్చును. అగును. కాని ఒక్క చిటికెడు ఉప్పు నేర్పుటకు పదేండ్లు పట్టినది. రేపు మఱియొక వ్యాధి వచ్చినచో మరల ఇల్లిల్లు తిరుగవలెను. చదివిన తల్లికి ఒక్క కరపత్రము చాలును. అదియు లేకున్నను ఆమె వెదకి తెలిసికొనును.

అక్షరము ఇంటిని దాటి ఊరిని కూడ బాగుచేయగలదని తెలుగుదేశమే ఒకమాఱు లోకమునకు చాటినది. 1990ల ఆరంభమున నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా దీక్ష జరిగినది. పగలంతయు కూలిచేసిన స్త్రీలు రాత్రి లాంతరు చుట్టు కూర్చుండి అక్షరములు దిద్దిరి. ఆ వాచకములలో వారి బ్రతుకే పాఠమైనది: త్రాగుడుచే చెడిన సంసారము, చచ్చిన మగడు, మిగిలిన అప్పు. ఆనాడు సారాను ప్రభుత్వమే వారుణివాహిని యను పేరున పాకెట్లలో పంపుచుండెను. పొలము గట్టువఱకు సారా వచ్చుచుండెను, మంచినీరు రాకపోవుచుండెను. దూబగుంట గ్రామమున రోశమ్మ మొదలగు స్త్రీలు కలసి సారా దుకాణము మూయించిరి. ఆ వృత్తాంతమే తరువాతి వాచకమున పాఠముగా నెక్కినది. దానిని చదివిన మఱియొక ఊరి స్త్రీలు, దూబగుంటవారు చేసినది మనమేల చేయరాదనిరి. 1992లో జిల్లాలో సారా వేలంపాటలను మాటిమాటికి అడ్డగించిరి. 1993లో నెల్లూరు జిల్లాలోను, ఆ యేటి అక్టోబరులో రాష్ట్రమంతటను సారా నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది.

కాలేయము చెడి, కొట్లాటలలో తలలు పగిలి, కూలిడబ్బు పోయి బిడ్డలెండుటకు మూలమైన వస్తువును ఏ వైద్యుడును మాన్పలేకపోయెను. ఓనమాలు దిద్దుకొన్న కూలిస్త్రీలు మాన్పిరి. ప్రజారోగ్యశాస్త్రమున దీనికంటె గొప్ప ప్రయోగము మన రాష్ట్రములలో మఱియొకటి జరిగినట్లు మాకు తెలియదు. పిమ్మట నేమయ్యెను? 1997లో నిషేధము సడలినది. అంతకు ముందే అక్షరదీక్షయు సడలినది, రాత్రిబడులలో లాంతర్లారిపోయినవి. ఖజానాకు మద్యము కావలెను గాన వాచకము అక్కఱలేకపోయెను. 2019-21 సర్వేనాటికి తెలంగాణమున పదునైదేండ్లు దాటిన పురుషులలో నూటికి 43 మంది త్రాగువారు. ఆంధ్రప్రదేశమున అంత లేదు. కాని సంతోషింపదగినంత తక్కువయు గాదు.

ఇచ్చట మా పాఠకులలో విద్యావంతులగు పట్టణవాసులకొక మాట. చదువున్నంత మాత్రమున ఆరోగ్యబుద్ధి కలుగుననుకొనరాదు. ముహూర్తము చూపించుకొని కడుపుకోసి బిడ్డను తీయించువారు చదువురానివారు కారు. తెలంగాణమున నూటికి 60కి మించిన ప్రసవములు కోతలవలననే జరిగినవని అదే సర్వే చెప్పుచున్నది. వీనిలో ఎన్ని తప్పనిసరియో ఆ వైద్యులకే తెలియవలెను. జలుబు చేసినంతనే మందుల దుకాణమునకు పోయి, వైద్యుని చీటీ లేకయే ఆంటీబయాటిక్ మాత్రలు కొని, రెండు మ్రింగి మూడవది మానువాడు పట్టభద్రుడే. నీరసమైనచో సెలైను ఎక్కించుకొని పండుకొను విద్యావంతులనుగూర్చి యేమందుము! కేరళమునను మధుమేహము విపరీతముగ నున్నది. చదువు శిశువులను కాపాడినంతగా పెద్దవారి నాలుకను అదుపులో నుంచలేకపోయినది. కనుక చదువు సర్వరోగనివారిణియని మే మనుట లేదు. తల్లిని, బిడ్డను చంపు వ్యాధులకు దానికి మించిన మందు లేదనియే మా మాట.

ఇక గ్రామములందలి భూస్వాములకు చెప్పవలసినది వేఱుగా నున్నది. 1929లో శారదా చట్టము వచ్చి, ఆడపిల్లకు పదునాలుగేండ్లు నిండనిదే పెండ్లి చేయరాదన్నపుడు, మన ఉభయగోదావరుల పెద్దమనుష్యులు ఏమిచేసిరో పెద్దలెఱుగుదురు. ఫ్రెంచివారి యేలుబడిలోని యానామునకు బండ్లు కట్టుకొనిపోయి, అచ్చట పసిపిల్లలకు పెండ్లిండ్లు చేసికొనివచ్చిరి. యానామునకు కల్యాణపురమని పేరే పడినది. నేడు యానాము పోనక్కఱలేదు. 2006 నాటి చట్టము పదునెనిమిదేండ్లనుచున్నను ఆంధ్రప్రదేశమున ప్రతి పదిమంది యువతులలో ముగ్గురికి ఆ యీడు రాకమునుపే పెండ్లియైనదని పైన జెప్పితిమి. పదవతరగతి ముగిసినది, కళాశాల దూరము, బస్సు లేదు, కాలము మంచిది కాదు, సంబంధము వచ్చినది - కారణములు ఎప్పుడును ఇవియే. కట్నముక్రింద రెండెకరములు వ్రాయుటకు వెనుదీయని తండ్రి, రెండేండ్లు ఇంటరు చదివించుటకు లెక్కలు చూచును. ఆ రెండేండ్లలోనే పిల్ల యెముక గట్టిపడునని, ఆ రెండేండ్లే పుట్టబోవు మనుమని బరువగునని ఆయనకెవరును చెప్పలేదు.

తన కూతును చదివించుచు కూలివాని కూతును పొలమునకు పిలుచువారు కలరు. కర్నూలు, మహబూబ్‌నగరు ప్రాంతములలో సంకరజాతి పత్తివిత్తనపు పొలములలో పూవు పూవునకు పుప్పొడి రుద్దుటకు చిన్నవేళ్ళు కావలెనని, పదేండ్ల బాలికలను బడి మాన్పించి, పురుగుమందు చల్లిన చేలలో నిలువబెట్టిన సంగతి 1990లలోను, ఆ తరువాతను దేశదేశములకెక్కినది. ఆ బాలికలకు వచ్చిన తలనొప్పులకు, వాంతులకు మందు వేయుట ఆసుపత్రి పని. వారిని బడిలో నిలుపుట మన పని. ఇది సాధ్యముకాదనువారు రంగారెడ్డి జిల్లాను చూడవలెను. శాంతాసిన్హాగారు నడపిన ఎం.వి. ఫౌండేషన్ వారు 1991 మొదలు అచ్చట పనిపిల్లలను బడికి మఱలించిరి. దొరలు, రైతులు, పంచాయతీ పెద్దలు తొలుత ఎదిరించినవారే తరువాత అనేక గ్రామములలో సహకరించిరి. ఆమెకు 2003లో మెగసెసే బహుమానము వచ్చినది.

2005లో 108 బండ్లు వచ్చినవి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినది. పేదవాడు గుండెకోతకు ఇల్లమ్ముకొనక బ్రతికినాడు, మంచిదే. కాని వైద్యమునకు కోట్లు లెక్కించు ప్రభుత్వములు పదవతరగతి దాటిన బాలికలు ఎంతమంది పై చదువునకు పోయిరో మండలమువారీగా లెక్కించి, ఆ లెక్కను ఆరోగ్యశాఖ బల్లపై కూడ నుంచవలెనని మా కోరిక. కళాశాల లేని మండలమున కళాశాల, అది సాధ్యపడనిచో ఉదయము పోవుటకును చీకటిపడక ముందే వచ్చుటకును బస్సు, బడిలో నీరు గల మరుగుదొడ్డి - ఇవి విద్యాశాఖ ఖర్చులని త్రోసివేయరాదు. ఇంతలో గ్రామస్థులు ప్రభుత్వముకొఱకు కాచుకొననవసరము లేదు. జూన్ నెలలో బడులు తెఱచువేళ, పదవతరగతి ముగించిన బాలికలలో ఎందఱు ఏ కళాశాలలో చేరిరో, ఎందఱు ఇంటనున్నారో పంచాయతీ గోడమీద సంఖ్యలు వ్రాయింపవచ్చును. సున్నము, రంగు, పంతులుగారి చేతివ్రాత. ఇంతకు మించి దానికి ఖర్చు లేదు. ఇంటనున్నవారి సంఖ్య సున్నకు దిగువఱకు నెలకొకమాఱు గ్రామసభలో ఆ యిండ్లకెవరు పోయి మాటలాడిరని అడుగవలెను.